గంటలోగా రాగలిగిన మనిషి

మీరు నడిరోడ్డు మీద కుప్పకూలితే గంటలోగా మీ దగ్గరికి వచ్చేదెవరు? వేరే ఊళ్లో ఉన్న తోబుట్టువుల్ని లెక్కలోకి తీసుకోకండి. వాళ్లు రైలు దిగేసరికి మర్నాడవుతుంది. పొద్దున్నే పువ్వుల బొమ్మలు పంపే మిత్రబృందాన్నీ వదిలేయండి. ఆపదలో కూడా వాళ్లు పంపేది బొమ్మలే. ఈ ఊళ్లో, ఈ పూట, చేతిలో ఉన్న పని పక్కన పడేసి, కాళ్లకు చెప్పులు తొడుక్కుని బయల్దేరే మనిషి పేరు ఒక్కటి చెప్పండి చాలు. తడుముకోకుండా చెప్పగలిగినవారి అదృష్టం వారిది. ఈ కథలోని స్టెనో వారాల తరబడి తడుముకున్నది.

ఆమె సివిల్ కోర్టులో స్టెనోగ్రాఫరు. న్యాయమూర్తి వేదిక కింద, సాక్షి నిలబడే చోటుకు పక్కగా, ఒక కాలు కురచైన చిన్న బల్ల ఆమెది. ఆ కాలి కింద మడతపెట్టిన అట్టముక్క ఉంటుంది. ఆస్తి కోసం అన్న మీద తమ్ముడు చెప్పిన మాటలూ, విడిపోవాలనుకున్న భార్యాభర్తలు ఒకరి గురించి ఒకరు చెప్పిన మాటలూ, న్యాయవాదుల కేకలూ, వాటి మధ్య వచ్చే అబద్ధాలూ అన్నీ ఆమె పెన్సిలు గుండానే కాగితం మీదికి చేరతాయి. ఆమె గొంతు వినిపించేది మాత్రం న్యాయమూర్తి "ఆ మాట మళ్లీ చదవండి" అన్నప్పుడే. అప్పుడైనా ఆ మాటలు ఆమెవి కావు. కోర్టు హాల్లో పిలుపులూ, వాయిదాలూ చూసే బెంచి గుమాస్తా ఆమెకు 'టేపు రికార్డరు' అని పేరు పెట్టాడు. వాడగా వాడగా అది అరిగిపోయి 'టేపు గారు' అయింది. ఆమె కాదనలేదు. పలికేందుకు ఏదో ఒక పేరున్నది కదా అనుకున్నది.

మూడో అంతస్తులో రెండు గదుల వాటా. అందులో ఆమె, అక్క కలిసి ఉండేవాళ్లు. పెళ్లి మాట ఇద్దరూ మరిచిపోయాక, నలభై దాటిన వయసులో, అక్కకు ఒక మంచి మనిషి దొరికాడు. అక్క అతనితో రాత్రంతా రైలు ప్రయాణం చేసేంత దూరం వెళ్లిపోయింది. చెల్లెలు సంతోషించింది. నిజంగానే సంతోషించింది. సామాను సర్దడంలో సాయపడి, రైలెక్కించి, ఇంటికి వచ్చి, అలవాటు కొద్దీ రెండు కప్పులు తీసి, ఒకటి మళ్లీ లోపల పెట్టింది.

గోడకు అవతలి వాటాలో బట్టలు కుట్టే ఆవిడ ఉంటుంది. అక్క ఉన్నన్నాళ్లూ ఆవిడతో మాటలన్నీ అక్కవే. ఇద్దరూ మెట్ల మీద నిలబడితే పావుగంటకు తక్కువయ్యేది కాదు. అక్క వెళ్లాక మిగిలిన సంభాషణ రెండు ముక్కలు: "నీళ్లొచ్చాయా?" "వచ్చాయండి." ఆ తర్వాత రెండు తలుపులు. గోడ గుండా కుట్టుమిషన్ చప్పుడు మాత్రం వచ్చేది. ఆగుతూ, సాగుతూ, మళ్లీ ఆగుతూ.

అలాంటి రోజుల్లో ఒక తెల్లవారుజామున, ఇంట్లో ఉండలేక, స్టెనో వీధిలోకి నడిచింది. నడక కొన్నాళ్లకు పరుగైంది. కారణం అడిగితే ఆమె ఎవరికీ చెప్పలేదు గానీ, కారణం ఉన్నది. ఇంట్లో మాట్లాడకపోతే దాన్ని ఒంటరితనం అంటారు. పరుగెత్తేటప్పుడు మాట్లాడకపోతే ఊపిరి చాలక అంటారు. అదే మౌనం, రెండోచోట దానికి కొంచెం గౌరవం ఉన్నది.

వారానికోసారి అక్క ఫోను చేసేది.

"ఏమే, నిన్నెవరైనా తరుముతున్నారా?"

"లేదక్కా."

"పోనీ నువ్వెవర్నైనా తరుముతున్నావా?"

"అదీ లేదు."

"మరంత దూరం పరుగెత్తి ఏం తెస్తావే?"

"ఏమీ తేను. వెళ్లి, తిరిగొస్తాను."

"తిరిగి ఇంటికే వచ్చేదానివి, అసలు బయల్దేరడమెందుకే తల్లీ! హాయిగా పడుకో!"

ఇద్దరూ నవ్వుకునేవారు. అక్క ఇంట్లో వెనక ఎవరో గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినిపించేది. ఫోను పెట్టేశాక ఆ చప్పుడు కాసేపు చెవిలో ఉండేది.

మారథాన్‌కు పేరు నమోదు చేసుకున్న ఏడాది ఆమె ఆదివారం బృందంలో కూడా చేరింది. మెడలో ఈల వేసుకుని తిరిగే వ్యాయామ ఉపాధ్యాయుడొకరు వాళ్ల కోచ్. "జంటలు కట్టండి, మాట్లాడుకుంటూ పరుగెత్తండి, మాట్లాడలేకపోతున్నారంటే వేగం ఎక్కువైందని అర్థం" అనేవాడు. మంచి పద్ధతే. జంటలు కట్టాక ఎప్పుడూ ఒకరు మిగిలేవారు. మిగిలే ఆ ఒకరు ఎప్పుడూ మారేవారు కాదు. ఆమె మాట్లాడకుండా పరుగెత్తేది. బొటనవేలితో చూపుడువేలి మీద గీతలు గీసేది. వినిపించిన ప్రతి మాటనూ షార్ట్‌హ్యాండులో రాసుకునే జబ్బు స్టెనోలందరికీ ఉంటుంది. వినిపించే మాటలేవీ లేనప్పుడు ఆమె వేలు తన మాటలే రాసేది. చెరపనక్కర్లేని రాత అది.

మారథాన్‌కు రెండు నెలల ముందు ఒక ఆదివారం, స్టేడియం మెట్ల మీద అందర్నీ కూర్చోబెట్టి కోచ్ ఈల ఊదాడు.

"ఈసారి నిర్వాహకులు గట్టిగా పట్టుబట్టారు. పోయినేడు ఒకాయన దారిలో పడిపోతే ఆయన తాలూకు మనిషి దొరికేసరికి సాయంత్రమైంది. అందుకని మొత్తం మారథాన్ పరుగెత్తే ప్రతి ఒక్కరికీ ఒక పేరు కావాలి. ఈ ఊళ్లో ఉండాలి, గంటలోగా ఆస్పత్రికి రాగలగాలి. పేరు లేకపోతే సగం పరుగే. దానికి ఇవేమీ అక్కర్లేదు. చెప్పండి, ఒక్కొక్కరూ."

"మా ఆయన."

"మా తమ్ముడు."

"మా అత్తగారు! నేను పడ్డానని తెలిస్తే అందరికన్నా ముందు పరుగెత్తుకొచ్చేది ఆవిడే. చూసి ఆనందించడానికి!"

మెట్లన్నీ నవ్వాయి. కోచ్ స్టెనో వైపు తిరిగాడు. "మీకెవరు మేడమ్?"

"తర్వాత చెప్తానండి."

పక్కనే కూర్చున్న బ్యాంకు మేనేజరమ్మ మంచి మనిషి. చటుక్కున అన్నది: "మా ఆయన్ని రాసేసుకోండి! ఎలాగూ నాకోసం వస్తాడు, పనిలో పని మిమ్మల్నీ చూసిపోతాడు."

దయతోనే అన్నది. మిగిలిపోయిన అన్నం పొట్లం కట్టి ఇచ్చేటప్పుడు కూడా మనుషుల్లో దయే ఉంటుంది. స్టెనో నవ్వి, "ఉన్నారండీ, అడిగి చెప్తాను" అన్నది. అది అబద్ధం. రోజూ అబద్ధాల్ని పొల్లుపోకుండా రాసే మనిషికి తన నోట అబద్ధం ఎలా పలుకుతుందో ఆ రోజు తెలిసింది.

ఆ నిబంధన రాసినవారిని తప్పుపట్టడానికి లేదు. ప్రతి మనిషికీ ఒక మనిషి ఉంటాడని నమ్మి రాశారు. చట్టాలు కూడా చాలావరకు ఇలాంటి నమ్మకాల మీదే నిలబడతాయి. ఆ నమ్మకం ఎవరి దగ్గర తప్పుతుందో వారు తమకు తామే పక్కకు తప్పుకుంటారు. వారు తప్పుకున్న సంగతి ఏ రికార్డుకూ ఎక్కదు. ఇది అన్యాయమని ఎక్కడ వాదించాలి? ప్రతివాది ఎవరు?

ఆమె ప్రయత్నించకపోలేదు. మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు విప్పుకున్నప్పుడు బెంచి గుమాస్తాను అడిగింది.

"ఆదివారాలు మీరు ఊళ్లోనే ఉంటారాండీ?"

"ఏం టేపు గారూ, సినిమాకి తీసుకెళ్తారా? రెండు టికెట్లు ఎక్కువ తియ్యండి మరి. మా ఆవిడా, వాళ్లమ్మా వస్తామంటారు, నన్నొక్కణ్నీ పంపరు!"

గదిలో ఉన్నవాళ్లందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. "ఊరికే అడిగానండీ" అని డబ్బా మూత పెట్టింది. అడగవలసిన మాట గొంతులోనే ఉండిపోయింది. ఇరవై ఏళ్లు ఇతరుల మాటలు చదివిన గొంతుకు సొంత మాట పైకి తేవడం అంత తేలిక కాదు.

ఆ వారంలోనే జరిగింది ఆ పొరపాటు. ఉమ్మడి గోడ మీద దావా. వాది తాళాలు బాగుచేసే ముసలాయన. పక్కింటివాళ్లు గోడకు మేకులు కొట్టి తన ఇల్లు పగలగొడుతున్నారని ఆయన ఫిర్యాదు. ఎదుటి న్యాయవాది తీరిగ్గా అడిగాడు: "మీ పొరుగువారితో మీ సంబంధాలు ఎలా ఉండేవి?"

ముసలాయన జవాబు చెప్పాడు. న్యాయవాదులిద్దరూ ఒకేసారి లేచి ఏదో అన్నారు. ఆ గొడవలో జవాబు ఎవరికీ సరిగ్గా వినిపించలేదు.

"సాక్షి చెప్పింది మళ్లీ చదవండి" అన్నారు న్యాయమూర్తి.

ఆమె లేచి నిలబడి, ఖంగుమనే గొంతుతో చదివింది: "నాకు పరుగు లేదండీ. గోడ ఒక్కటే ఉంది."

హాలు గొల్లుమన్నది.

షార్ట్‌హ్యాండు తెలిసినవారికి ఇందులో వింత లేదు. ఆ రాతలో హల్లులకే గీతలు. అచ్చులు గీత పక్కన పెట్టే చుక్కలు. వేగంగా రాసేటప్పుడు వాటికి తీరిక ఉండదు, వదిలేస్తారు. ప, ర, గ. ఈ మూడు గీతల్లో పరుగూ ఉన్నది, పొరుగూ ఉన్నది. ఏది చదవాలో చుట్టూ ఉన్న మాటలే చెబుతాయి. ఆమె ఎన్నడూ చుక్క పెట్టిన మనిషి కాదు, ఎన్నడూ తప్పు చదివిన మనిషీ కాదు. ఆ రోజు చుట్టూ ఉన్న మాటల్ని కాక, తన తలలో ఉన్న మాటను చదివింది.

న్యాయమూర్తి కళ్లజోడు సవరించుకున్నారు. "సాక్షి పరుగు గురించి ఈ దావాలో వివాదమేమీ లేదనుకుంటాను."

"నయమండీ, పెరుగు అనలేదు. అందరం భోజనానికి లేచేవాళ్లం!" అని బెంచి గుమాస్తా గొణిగిన మాట వెనక వరస దాకా వినిపించింది.

నవ్వనివాడు ముసలాయన ఒక్కడే. బోనులోంచి ఆమె వైపు వంగి, చిన్నపిల్లకు చెప్పినట్టు, "పొరుగమ్మా. పొరుగు. నాకు పొరుగు లేదన్నాను" అన్నాడు.

"క్షమించండి. పొరుగు" అన్నది ఆమె. ఆ హాల్లో ఆమె సొంతంగా పలికిన మాట బహుశా ఆ 'క్షమించండి' ఒక్కటే.

చట్టం పొరుగు గురించి చాలా చెబుతుంది. వెలుతురు హక్కు, దారి హక్కు, చూరు నీళ్లు ఎటు పడాలి, గోడలో ఎవరి వాటా ఎంత, అన్నిటికీ తీర్పులున్నాయి. గోడకు అటూ ఇటూ ఇద్దరు మనుషులుంటే వాళ్లు ఒకరికొకరు ఏమవుతారన్న ప్రశ్న మాత్రం ఏ దావాలోనూ తలెత్తదు. ఆ సాయంత్రం ఆమె గోడకు ఆనుకుని కూర్చుని మిషన్ చప్పుడు విన్నది. ముసలాయన వాంగ్మూలం కింద తన సంతకం పెట్టినా తప్పేమీ లేదనిపించింది.

పేరు చెప్పవలసిన గడువు దగ్గరికొచ్చింది. దానికి ముందు ఆదివారం అందరూ ముప్పై కిలోమీటర్లు పరుగెత్తాలి. ఆమె బృందంతో వెళ్లలేదు, వెళ్తే అడుగుతారు. ఒంటరిగా కాలవగట్టు దారి పట్టింది. నీళ్ల ట్యాంకు దాటింది, షట్టర్లు దించిన గోదాముల వరస దాటింది, ఊరి చుట్టూ తిరిగే పెద్ద రోడ్డెక్కింది. అక్కడ మనుషులు కాలినడకన కనిపించరు. లారీ వెళ్లినప్పుడల్లా గాలి తోసేది. లారీ పోయాక ఆ గాలి కూడా ఉండేది కాదు. వేలు తనంతట తాను రాసుకుంటూ పోతున్నది. సగం, సగం, సగం. సగం పరుగుకి ఎవరి పేరూ అక్కర్లేదు. సగం పరుగెత్తినా పతకం ఇస్తారు. సగం అంటే తక్కువేం కాదు.

తిరుగుదారిలో కుడి పిక్క పట్టేసింది. మొదట చీమ కుట్టినట్టు, తర్వాత ఎవరో లోపలి నుంచి తాడు మెలిపెట్టినట్టు. ఆమె తూము గట్టు మీద కూలబడి, కాలు చాపుకుని, పళ్లు బిగించింది. ఒక సైకిలు గంట కొట్టుకుంటూ పోయింది. కుక్క ఒకటి ఆగి, చూసి, తన దారిన పోయింది. ఆమె ఫోను తీసింది. అక్క. కోర్టు ఆఫీసు. గ్యాసు కంపెనీ. కోచ్, ఇప్పుడు నలభై మందిని వెంటబెట్టుకుని ఊరికి ఆ కొసన ఉంటాడు. పేర్లు పైనుంచి కిందికి వెళ్లాయి, కిందినుంచి పైకి వచ్చాయి. నొప్పికి రాని కన్నీళ్లు అప్పుడొచ్చాయి. చూసేవారు లేరు కనక తుడుచుకునే పని కూడా లేకపోయింది.

కాసేపటికి లేచి, కుంటుకుంటూ, గట్టు వెంట నడిచి, ఎండెక్కాక ఇల్లు చేరింది. మెట్ల కమ్మీ పట్టుకుని మూడంతస్తులూ ఎక్కింది. తాళంచెవి ఇంకా జేబులోంచి తియ్యలేదు. పక్క తలుపు భళ్లున తెరుచుకున్నది.

"వచ్చారా! అమ్మయ్య! ఎక్కడికెళ్లిపోయారండీ బాబూ, చెప్పాపెట్టకుండా!"

బట్టలు కుట్టే ఆవిడ మెడలో కొలతల టేపు వేలాడుతున్నది. స్టెనో వెనక్కి తిరిగి చూసింది, వేరెవరినో అంటున్నదేమోనని.

"నన్నాండీ?"

"ఇంకెవర్ని? ఆదివారమైతే మీరు ఎనిమిదింటికల్లా వచ్చేస్తారా? ఇవాళ పదిన్నరైంది. స్కూలు యూనిఫారాలు కుప్పగా పడున్నాయి, ఒక్క గుండీ కుట్టలేదు నేను!"

"నేను రాకపోతే మీ కుట్టు ఆగడమేమిటండీ?"

ఆవిడ కొంచెం తగ్గింది. "అది... మొదట్లో, పొద్దున్నే మిషన్ తొక్కితే మీకు నిద్రాభంగమని ఆగేదాన్ని. తర్వాత తెలిసింది, మీరు నిద్రే పోవట్లేదు, ఎటో వెళ్తున్నారని. అయినా అలవాటైపోయింది. మీ తాళం టక్కుమంటే నేను మిషన్ మొదలుపెడతాను. మీరెళ్లే వేళకి లేస్తాను, వచ్చే వేళకి కూర్చుంటాను. ఇంతకీ ఎక్కడికండీ ఆ వెళ్లడం? మా చెల్లెలు పాల డిపోలో పనేమో అన్నది. నేను కాదన్నాను, పాల డిపోకి వెళ్లేవాళ్లు అలా రొప్పుతూ రారు."

"పరుగుకండీ."

"పొరుగుకా? ఏ పొరుగుకి?"

స్టెనోకు నవ్వు వచ్చింది. ఆపుకోలేనంత నవ్వు. పిక్క మళ్లీ పట్టేసింది, తలుపు పట్టుకుని నిలబడింది. "పరుగండీ. పరుగెత్తడానికి. మారథాన్ అని ఉంది, నలభై రెండు కిలోమీటర్లు."

"నలభై రెండా! బస్సులు లేవా?"

తన వాటాలోకి వచ్చి ఆమె కాలు వేడినీళ్లలో పెట్టుకుని కూర్చున్నది. గోడవతల మిషన్ మొదలైంది. ఇన్నాళ్లూ తాను తాళం తీసిన ప్రతిసారీ వెనువెంటనే ఆ చప్పుడు మొదలయ్యేదన్న సంగతి ఇప్పుడు గుర్తొచ్చింది. అన్ని మాటలూ విని రాసే మనిషి ఇదొక్కటీ వినలేదు. విన్నది, చదవలేదు. చుక్క లేని గీతలా రోజూ కళ్ల ముందే ఉన్నది.

అంతమాత్రాన ఆవిడను అడగవచ్చా? పేరైనా తెలియదు. అక్కకు తెలుసు, తాను ఎన్నడూ అడగలేదు. తాళం చప్పుడు కోసం ఎదురుచూడటం వేరు, కుట్టు వదిలేసి ఆస్పత్రికి పరుగెత్తుకు రావడం వేరు. మొదటిది ఆవిడ తనంతట తాను ఇచ్చింది. రెండోది అడిగితే గానీ రాదు. అడిగితే కాదనవచ్చు. కాదన్నాక ఆ మెట్ల మీద "నీళ్లొచ్చాయా" కూడా మిగలదు. సగం పరుగులో ఈ బెడద లేదు. ఎవరినీ అడగనక్కర్లేదు, ఎవరూ కాదనరు, గోడ గోడలాగే ఉంటుంది.

నీళ్లు చల్లారిపోయాయి. ఆమె కాళ్లు తుడుచుకుని, కుంటుతూ వెళ్లి, పక్క తలుపు తట్టింది. మిషన్ ఆగింది.

"నేను పరుగులో పడిపోతే కబురు చెయ్యడానికి ఒక మనిషి పేరు కావాలన్నారండీ. ఊళ్లో ఉండాలట. గంటలోగా రాగలగాలట." ఒక్క ఊపిరిలో, వాంగ్మూలం చదివినట్టు చదివేసింది. "మీ పేరు చెప్పనా?"

ఆవిడ నోట్లో రెండు గుండుసూదులున్నాయి. వాటిని తీసి మణికట్టుకు కట్టుకున్న సూదుల దిండుకు గుచ్చింది.

"నేనా? నాకు ఆస్పత్రి వాసనకే కళ్లు తిరుగుతాయండీ! నేనూ అక్కడే పడితే ఇద్దర్నీ ఎవరు చూస్తారు?"

"పోనీలెండి, ఊరికే..."

"ఊరికే ఏంటి? రానన్నానా? కళ్లు తిరుగుతాయన్నాను. ముక్కు మూసుకుని వస్తాను." తర్వాత, కోపంగా: "కానీ పడితే ఊరుకోను."

అప్పుడు స్టెనో ఆవిడ పేరు అడిగి తెలుసుకున్నది. గడప దగ్గరే కోచ్‌కి ఫోను చేసింది, ఆవిడ ఎదుటే, చట్టబద్ధంగా సమ్మతి ఉన్నట్టు రుజువుగా. ఆయన పేరు విని, "మీకేమవుతారు మేడమ్?" అన్నాడు.

"పొరుగు."

"పరుగా? మన బృందంలో ఆ పేరెవరూ..."

"పొరుగండీ" అన్నది ఆమె, ఆ 'పొ' మీద నిలబడి, ఎన్నడూ పెట్టని చుక్కను పెట్టినట్టు. "పక్కింటావిడ."

"సరే సరే. అయితే సగమా, మొత్తమా?"

మారథాన్ రోజు దారిలో పక్కన పరుగెత్తేవారు ఉండరు. చివరి గీత దగ్గర ఎదురుచూసేవారూ ఉండరు. ఆదివారం ఆవిడకు యూనిఫారాల పని. పిక్క సలుపుతున్నది. లారీల రోడ్డు ఎక్కడికీ పోలేదు, వచ్చే ఆదివారం సాధనలో ఇంకా దూరం పరుగెత్తాలి, మళ్లీ ఆ తూము దాటాలి, ఒంటరిగానే.

"మొత్తం" అన్నది స్టెనో. ఫోను పెట్టేసి, పక్కింటావిడతో, "వచ్చే ఆదివారం ఇంకా ఆలస్యమవుతుందండీ. పదకొండు దాటుతుంది. మీరు కుట్టుకుంటూ ఉండండి" అన్నది.